నేను గీకించిన గడ్డి

గడ్డంటే నాకు పడేది కాదు. కాలవలో ఒక్క పోచ కనిపించినా ఒంటి మీద జెర్రి పాకినట్టు ఉండేది. జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు కాలవల ఫోర్‌మన్‌గా చేసినవాడికి అది జబ్బు కాదు, అర్హత. వానల ముందు మా షెడ్ల చుట్టూ ఉన్న కాలవలన్నీ గీకించి, కడిగించి, అంచులకి సున్నం కొట్టించేవాణ్ణి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దసార్లు కాలవలోకి తొంగిచూసి, "ఇందులో కూర్చుని భోంచెయ్యొచ్చు" అనేవారు. ఎవరూ చెయ్యలేదనుకోండి. అయినా ఆ మాటకి నేను వారం రోజులు తలెత్తుకు తిరిగేవాణ్ణి.

ఇప్పుడు రిటైరై, సీతారాండేరాలో మా ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్ళ కోసం. నేను చేసిన మంచి పనులు చెప్పమంటే పొద్దుపోయేదాకా చెప్పగలను, కానీ వాటితో మీకేం పని? అందుకని ఒక తప్పు గురించి చెబుతాను. ఆ తప్పు రెండుసార్లు జరిగింది. రెండోసారి నేను ఇంట్లో ఇడ్లీ తింటూ ఉండగానే నా చేతుల మీదుగా జరిగిపోయింది! ఇప్పటికీ తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను, ఆ వెంటనే నవ్వూ వస్తుంది.

రిటైర్మెంటుకి మూడేళ్ళుందనగా మా ఫ్యాక్టరీవాళ్ళు నన్ను గ్రామాల పనులు చూసే విభాగానికి మార్చారు. "పట్మదా వైపు ఒక ఊళ్ళో పొలాల నీళ్ళు వాగులోకి పోయే కాలవ గొడవగా ఉంది. నువ్వు కాలవల మనిషివి కదా, వెళ్ళు" అన్నారు మా సారు. కాలవ ఎక్కడైనా కాలవే కదా అని నేనూ బ్యాగు సర్దుకున్నాను.

మాన్గో వంతెన దాటి, డల్మా కొండ పక్కనుంచి వెళితే కూరగాయల చేలు మొదలవుతాయి. వంగ, టమాటా, గోబీ. మన జంషెడ్‌పూర్ మార్కెట్లలో గంటసేపు ఏరి ఏరి కొనే కూరలు చాలావరకు అక్కడివే. ఎర్రమట్టి నేల, వాలు చేలు. వాన పడితే ఆ చేల నీళ్ళన్నీ ఒక మట్టికాలవలోకి దిగి, వాగులో కలుస్తాయి. వాగు వెంట కిందికి పోతే ఇంకో ఊరు ఉంది. ఆ ఊరివాళ్ళకి వాగులో ఒక మడుగు. స్నానాలు, బట్టలు, గొడ్లకి నీళ్ళు, చేపలు, అన్నీ అందులోనే.

గొడవ ఏమిటంటే, పై చేల మట్టి ప్రతి వానకీ వచ్చి ఆ మడుగులో పేరుకుపోతోంది. మట్టితోపాటు పైన చల్లిన యూరియా కూడా దిగుతోంది. మొక్క తినాల్సిన ఎరువు నీళ్ళలో పాచి తిని బలుస్తోంది. దసరా నాటికి మడుగు నిండా పచ్చటి పాచి కప్పేస్తే గొడ్లు మూతి పెట్టడం లేదు, చేపలు తేలిపోతున్నాయి. కింది ఊరి ప్రధాన్, అంటే ఊరిపెద్ద, డెబ్భై దాటిన మనిషి. పైవాళ్ళకి చెప్పి చెప్పి విసిగిపోయి, కాలవ వాగులో కలిసే చోట ఒక రాళ్ళకుప్ప పోయించి పెట్టాడు. ఇలాగే సాగితే ఆ రాళ్ళతో కాలవ మూతి మూసేస్తామన్నాడు. మూస్తే పై చేలన్నీ మునుగుతాయి. వంగమొక్క నిలవనీటిలో బతకదు.

ముందుగా మునిగే చేను మహతో అనే అక్కడి రైతు కులంలో ఒక ఆడమనిషిది. భర్త లేడు. కాలవ పక్కన వంగతోట, గోబీ నారుమడి, కింద వాగు దగ్గర మూడు వరిమళ్ళు, ఇంతే ఆమె ఆధారం. నేను దీదీ అని పిలిచేవాణ్ణి. ఆమె మాట్లాడేది బంగ్లా కలిసిన అక్కడి హిందీ, నేను తెలుగులో రాస్తున్నాను.

మొదటిసారి కాలవ చూడగానే నాకు మతిపోయింది. నిండా గడ్డి! అడుగున గడ్డి, గట్టున గడ్డి, మధ్యలో తుంగ. "రోగం దొరికింది" అన్నాను మా డ్రైవర్‌తో. అతను మా వీధివాడే, వాళ్ళ తాతలది శ్రీకాకుళం పక్క పల్లె. నోరు మంచిది కాదు, మనసు మంచిది.

వెంటనే కంట్రాక్టు కూలీలని దింపి, పైనుంచి కిందిదాకా గీకించాను. వంకరలు తీసి తిన్నగా చేయించాను. దీదీ గట్టున నిలబడి చూసి, "బాబూ, ఆ గడ్డి మట్టిని పట్టుకుంటుంది. ఉండనివ్వకూడదా?" అంది. హౌస్‌కీపింగ్ అంటే ఏమిటో, శుభ్రమైన కాలవ ఎంత ముఖ్యమో ఆమెకి నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "మీరు చదువుకున్నవాళ్ళు" అని వంగతోటలోకి వెళ్ళిపోయింది. అది మెచ్చుకోలు అనుకున్నాను చూడండి, అంతటి తెలివి నాది.

అక్కడితో ఆగితే బాగుండును. ఆఫీసుకి వచ్చి, ఏటా వానలకి ముందు చేయించాల్సిన పనుల పట్టీలో ఈ కాలవ గీకుడు కూడా రాయించి, కింద సంతకం పెట్టాను. ఫ్యాక్టరీలో అలవాటు. మంచి పని ఒకసారి చేసి ఊరుకోకూడదు, ఏటా జరిగేలా చూడాలి అని నేనే అందరికీ నేర్పాను.

జూన్‌లో మొదటి పెద్దవాన పడింది. నా కాలవ అద్భుతంగా పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. అడ్డు లేకపోయేసరికి నీరు ఒక్క ఉరుకున దూకింది. గట్టు కోసింది. దీదీ గోబీ నారుమడి సగం ఊడ్చుకుపోయింది. మర్నాడు మేం వెళ్ళేసరికి కింది మడుగు ఇటుక నలిపి కలిపినట్టు ఉంది. మా డ్రైవర్ మడుగు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"అన్నియ్యా, ఏటిది? కాలవ తోమించినావా, సేలే తోమించినావా?"



ప్రధాన్ వచ్చాడు, వెనకాల ఊరు వచ్చింది. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "ఎవరు గీకించారు?" అని మాత్రం అడిగాడు. కూలీలు ఆకాశంలోకి చూశారు. దీదీ నేల చూసింది. నా పేరు ఆమె చెప్పలేదు. అప్పుడు సిగ్గేసింది నాకు, నిజంగా సిగ్గేసింది. చెయ్యెత్తాను. ఒక్క ఏడాది గడువు ఇమ్మని అడిగాను. నీరు ఎంత తేటగా ఉందో కొలవడానికి రంగు వేసిన రేకుమూత తాడుకి కట్టి దింపుతామని, ఎంత లోతులో కనపడకుండా పోతే అంత మట్టి ఉన్నట్టని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాకో కొలత ఉంది. వచ్చే ఏడు మొదటి పెద్దవాన పడిన మర్నాడు మధ్యాహ్నం మడుగులో మోకాలి లోతున నిలబడతాను. నా కాలివేళ్ళు నాకు కనపడాలి. కనపడకపోతే ఆ రాళ్ళు కాలవ మూతిలో పడతాయి."

ఆ రాత్రి ఇంటికి చేరాను. మా అమ్మాయికి జరిగింది చెబితే, తెలుగులో అడిగినా హిందీలోనే జవాబిచ్చే పిల్ల కదా, "పాపా, ఘాస్ హీ తో థా, రహ్‌నే దేతే" అంది. గడ్డే కదా, ఉండనివ్వాల్సింది! ముప్పై ఏళ్ళ సర్వీసు ఒక్క ముక్కలో తేల్చేసింది.

మర్నాడు దీదీ దగ్గరికి వెళ్ళి తప్పయిందన్నాను. ఆమె కోప్పడలేదు. "నారు పోతే మళ్ళీ పోసుకుంటాను బాబూ. మట్టి పోయింది, అది ఎవరు పోస్తారు?" అంది. నాకు దిమ్మతిరిగింది. ఫ్యాక్టరీలో నీటి అడుక్కి దిగేది చెత్త. ఎత్తి లారీకి పోసి పంపేస్తే పీడ వదిలిపోతుంది. ఇక్కడ దిగేది ఆమె చేను! తట్టలకొద్దీ ఆమె చేనే వాగులో పడి కింది ఊరికి పోతోంది. ఇంత చిన్న సంగతి నా బుర్రకి తట్టడానికి ఒక నారుమడి కొట్టుకుపోవాల్సి వచ్చింది.

ఆ ఏడాదంతా ఆమె చెప్పింది, నేను చేశాను. కాలవ అడుగున గడ్డిని మొలవనిచ్చాం. రెండు గట్ల మీదా తాళ్ళు పేనే సబాయి గడ్డి నాటాం. నేను తిన్నగా చేయించిన కాలవని నేనే వంకర తిప్పించాను, ఆ బాధ మీకు అర్థం కాదు. చివర్లో నీరు నేరుగా వాగులో పడకుండా దీదీ తన మూడు వరిమళ్ళలోకి మళ్ళించనిచ్చింది. ఒక మడి నిండి రెండోదాంట్లోకి, అది నిండి మూడోదాంట్లోకి, ఆ తరవాతే వాగులోకి. మట్టి మళ్ళలో దిగిపోతుంది, మిగిలిన ఎరువు వరి తింటుంది. ఊళ్ళో కొందరు నవ్వారు, ఊరి బురదంతా తన మళ్ళలో పోయించుకుంటోందని. "ఊరి మట్టి నా మళ్ళలోకొస్తే నాకేం నష్టం?" అంది దీదీ. ఆ తరవాత నవ్వినవాళ్ళకే కొంచెం కుళ్ళు పుట్టింది.

యూరియాదే పెద్ద పని అయింది. అందరికీ మబ్బు చూసి చల్లే అలవాటు. వాన కరిగిస్తుందని వాళ్ళ లెక్క. కరిగించి తనతోపాటు పట్టుకుపోతోందని నేను చెబితే మర్యాదగా తలలు ఊపారు, మళ్ళీ మబ్బు చూసి చల్లారు. దీదీ ఇంటింటికీ తిరిగి, వాన వెలిశాక, తడి ఉండగా, మొదళ్ళలో పిడికెడు పిడికెడు వేసి మట్టి కప్పమని చెప్పింది. ఆమె చెబితే చేశారు. కాలవ గట్టు మీద ఉన్న పెంటకుప్పలు కూడా దూరం జరిపారు.

హోలీ వెళ్ళేసరికి కాలవలో గడ్డి మోకాలెత్తు వచ్చింది. నేను, కాలవల ఫోర్‌మన్ని, వెళ్ళినప్పుడల్లా వంగి ఆ గడ్డిని చేత్తో నిమిరేవాణ్ణి! ఇంటికొచ్చి దాని ఎత్తు చెబుతుంటే మా ఆవిడ, "ఏటండి, రేపట్నించి గడ్డికి హారతి కూడా ఇచ్చెత్తారేటి?" అంది. ఇచ్చేవాణ్ణేమో కూడా. కాలవ మూతి దగ్గర రాళ్ళకుప్ప మాత్రం అలాగే ఉంది. జీపు దిగిన ప్రతిసారీ ముందు దాన్నే చూసేవాణ్ణి.

ఇక అసలు రోజు. జూన్ నడుస్తోంది. పొద్దున్నే డల్మా మీద మబ్బులు నల్లగా దిగాయి. ఇవాళ పడుతుంది, చూడటానికి వెళదామని ఉత్సాహంగా ఇడ్లీ తింటున్నాను. ఫోను మోగింది. దీదీ.

"బాబూ, మీ మనుషులు వచ్చారు. గడ్డి గీకుతున్నారు."

"నా మనుషులా? నేనెవర్నీ పంపలేదే!"

"కాగితం ఉందంటున్నారు. మీ సంతకం ఉందట."

ఏ వెధవ పంపాడని అరవబోయి ఆగిపోయాను. వానల ముందు పనుల పట్టీ! ఆ వెధవని నేనే. ఏడాదంతా గడ్డి పెంచాను గానీ, ఆఫీసుకెళ్ళి ఆ ఒక్క వరస కొట్టేయించాలని తట్టలేదు. పిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. మీరు మనసు మార్చుకుంటారు, మీ సంతకం మార్చుకోదు.

చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా జీపెక్కాను. మాన్గో వంతెన మీద ట్రాఫిక్ జామ్! ట్రక్కులు, ఆటోలు, మధ్యలో ఒక పెళ్ళివాళ్ళ బస్సు. ఆ కూలీల సూపర్‌వైజర్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాను, ఎత్తడు. తల పట్టుకున్నాను.

"నన్ను తిట్టవేటి?" అన్నాను డ్రైవర్‌తో.

"నువ్వే తిట్టుకుంటన్నావు గదా అన్నియ్యా, బాగానే తిడతన్నావు. నేను మజ్జిలో దూరడమెందుకు?" అని, జీపుని రెండు ట్రక్కుల సందులోకి తోశాడు. "కళ్ళు మూసుకో, ఎల్లిపోదుం."

మూసుకున్నాను. ఎలా దాటామో నాకిప్పటికీ తెలియదు.

వెళ్ళేసరికి చూడాలి ఆ దృశ్యం! దీదీ కాలవ మధ్యలో, గడ్డిలో, కాళ్ళు చాపుకుని కూర్చుంది. చుట్టూ ఆరుగురు కూలీలు పారలు పట్టుకుని దిక్కులు చూస్తున్నారు. ఆమెకి ఎగువన మాత్రం ఇరవై బారల మేర కాలవ నున్నగా, ఎర్రగా, బోసిగా ఉంది. సూపర్‌వైజర్ నన్ను చూసి సంబరపడిపోయాడు. "సార్, మీ ఆర్డరే. ఈ అమ్మ లేవడం లేదు. కానీ పైన చూడండి, ఎంత నీట్‌గా వచ్చిందో! మీరు నేర్పిందే." నిజంగానే చాలా నీట్‌గా ఉంది. ఏడుపొచ్చింది నాకు.

ఉరిమింది. నీరు ఊపందుకునేది సరిగ్గా ఆ ఎగువ వాలులోనే. అక్కడ కోత పడితే వచ్చే మట్టికి కింద ఉన్న గడ్డి చాలదు, మళ్ళూ చాలవు. గీకేసిన గడ్డిని మట్టిపెళ్ళలతో సహా తిరిగి పరుద్దామన్నాను. "బరువు లేకపోతే తేలిపోతుంది" అంటూ దీదీ లేచి నిలబడి, కాలవ మూతి వైపు చూసింది.

"రాళ్ళు" అంది.

"అవి ప్రధాన్‌వి. ముట్టుకుంటే ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. వాన ఊరుకుంటుందా?"

పరుగెత్తింది. మొదటి రాయి నెత్తికెత్తుకున్నది ఆమే. ఇంక ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆరుగురు కూలీలు, సూపర్‌వైజర్, నేను, ఎత్తినవాడికి ఎత్తినంత. డ్రైవర్ జీపు వెనక్కి తిప్పుకొచ్చి, "సీట్లు సిరిగితే నాకు సంబంధం నేదు, ఎయ్యండి" అన్నాడు. మూడు ట్రిప్పులు. రాళ్ళని కాలవకి అడ్డంగా, జానెడు ఎత్తున వరసలు పేర్చాం. ప్రతి వరస వెనకాలా గీకేసిన గడ్డిపెళ్ళలు తొక్కి పరిచాం. గీకినవాళ్ళే తొక్కారు. ఐదో వరస చివరి రాయి పెడుతుంటే నా వీపు మీద పెద్ద చినుకు పడింది.

ఆ తరవాత వాన కాదు, కుమ్మరింపు! చేలల్లోంచి ఎర్రనీరు నురగతో వచ్చి పడింది. మొదటి వరస దగ్గర తడబడింది. రెండోదాని దగ్గర ఆగి, నిండి, పైనుంచి జారింది. ఐదోది దాటేసరికి పరుగు మానేసి నడుస్తోంది! నడిచి గడ్డిలో దూరింది, గడ్డిలోంచి మళ్ళలోకి దిగింది. నేను గట్టు మీద గంతులేశాను. అరిచాను. ఏమని అరిచానో తెలియదు. సూపర్‌వైజర్ నాకేమన్నా అయిందా అని డ్రైవర్‌ని అడిగాడట. "ఏటీ అవనేదు, కాలవ పారతన్నాది, అంతే" అని చెప్పాడట మావాడు. ముప్పై ఏళ్ళలో నేను చూసిన ఏ కాలవా అంత అందంగా పారలేదు.

మర్నాడు మధ్యాహ్నం ప్రధాన్ ఊరితో సహా వచ్చాడు. మడుగు వైపు వెళ్ళేముందు కాలవ మూతి దగ్గర ఆగాడు. కుప్ప ఉండాల్సిన చోట నాలుగు రాళ్ళున్నాయి.

"నా రాళ్ళేవి?"

"నేను తీశాను" అంది దీదీ.

"మేమిద్దరం" అన్నాను.

డ్రైవర్ దగ్గాడు. "ముగ్గురం" అన్నాడు హిందీలో.

ప్రధాన్ పంచె పైకి కట్టుకుని మడుగులోకి దిగాడు. నీరు అద్దంలా ఏమీ లేదు, పల్చటి టీ రంగులో ఉంది. మోకాలి లోతున ఆగి, అలలు సర్దుకునేదాకా కదలకుండా నిలబడ్డాడు. దీదీ నా పక్కన కొంగు పిడికిట్లో నలిపేస్తోంది. ఆమె చేనంతా ఆ ముసలాయన కళ్ళలో ఉంది. ఆయన తల వంచి చూశాడు, ఇంకా వంగాడు. ఎంతసేపు చూశాడో! నాకైతే ఇంకో ఏడాది గడిచినట్టనిపించింది.

"చిన్నప్పుడు ఎద్దు తొక్కింది" అన్నాడు చివరికి. "నా ఎడమ చిటికెనవేలికి గోరు లేదు." తలెత్తాడు. "ఆ లేని గోరు కూడా కనపడుతోంది."

గోల మొదలైంది! కింది ఊరివాళ్ళూ పై ఊరివాళ్ళూ కలిసి అరిచారు. దీదీ అరవలేదు, గట్టు మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. మా డ్రైవర్ జీపు దగ్గరికి పరుగెత్తి హారన్ కొట్టాడు.

ప్రధాన్ నీళ్ళలోంచి వచ్చి, "రాళ్ళు ఎక్కడున్నాయి?" అన్నాడు. దీదీ చూపించింది. ఆయన తడికాళ్ళతో కాలవ వెంట ఎగువకి నడిచాడు, మేమంతా వెనకాల. ఐదు వరసలూ చూశాడు. వాటి వెనకాల చేరిన మెత్తటి మట్టిని వేలితో గుచ్చి చూశాడు. మూడో వరసలో ఒక రాయిని కాలితో కదిపాడు. "ఇది సరిగ్గా కూర్చోలేదు" అని వంగి, రెండు చేతులతో తిప్పి కూర్చోబెట్టాడు. కాలవ మూయడానికి ఆయన తెప్పించిన రాయే అది.

ఆ ఏడు దసరాకి మడుగు అంచున కొంచెం పాచి పట్టింది, మధ్యలో నీరు నీరులాగే ఉంది. పనుల పట్టీలో ఆ వరస నేనే కొట్టేసి, పక్కన ఇంకో సంతకం పెట్టాను. కానీ నాకు బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నమే. వెనక్కి వస్తుంటే ప్రధాన్ నా సేఫ్టీ షూస్ చూసి, "అవి విప్పి నువ్వూ దిగి చూసుకో బాబూ" అన్నాడు. విప్పాను. మోకాలి లోతున నిలబడి తల వంచితే, నీళ్ళలో నా పదివేళ్ళు. ముప్పై ఏళ్ళు బూట్లలో నాని పాలిపోయి, చెక్కు తీసిన ముల్లంగిలా ఉన్నాయి. రెండు ఊళ్ళూ విరగబడి నవ్వాయి. "ఆ కాళ్ళకి కాస్త ఎండ చూపించండి బాబూ" అంది దీదీ.

షూస్ చేత్తో పట్టుకున్నాను. గట్టు దిగి, కాలవలో, తడిగడ్డి మీద వట్టి కాళ్ళతో జీపు దాకా నడిచాను.